మొఘల్‌పురా బడికి ఉర్దూ, మర్లవాయి బడికి గోండీ

మన గూడెం బడికి మంచి సారు ఎందుకు రాడు? వచ్చినా ఎందుకు నిలవడు? ఈ ప్రశ్న వేసుకోని ఆదివాసీ ఊరు లేదు. మామూలుగా దీనికి జవాబు వెతకాలంటే ఉట్నూరుకో, భద్రాచలానికో, పాడేరుకో పోతాం. ఈసారి మేము హైదరాబాదు పాతబస్తీ నుంచి మొదలుపెడుతున్నాం. మనకు రావలసిన న్యాయం ఎట్లా ఉండాలో ఆ నగరంలో ఇప్పటికే అమల్లో ఉన్నది. దాన్ని మనం సరిగ్గా చూడలేదు.

మొఘల్‌పురా చార్మినార్‌కు దగ్గర్లోని పాత వాడ. ఇంట్లో, దుకాణంలో, గల్లీలో ఎక్కువగా వినపడేది ఉర్దూ. అటువంటి పాతబస్తీ వాడల్లో సర్కారు ఉర్దూ మీడియం బడులున్నాయి. వాటిలో టీచర్ పోస్టు పడితే ఎవరు పడితే వాళ్ళు దరఖాస్తు చేయలేరు. ఉర్దూ మీడియంలో చదివి ఉండాలి, లేదా ఉర్దూను ఒక భాషగా చదివి ఉండాలి. ఇది ఒక మతానికో కులానికో ఇచ్చిన రిజర్వేషన్ అని ఏ కోర్టూ అనలేదు. పిల్లవాడి భాష రాని మనిషి ఆ పిల్లవాడికి అక్షరాలు నేర్పలేడు కాబట్టి ఆ నిబంధన పెట్టారు. అది సరైన నిబంధన.

మరి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మర్లవాయి బడిలో ఒకటో తరగతి చెప్పే సారుకు గోండీ రావాలన్న నిబంధన ఎందుకు లేదు? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఇదే. దీనికి జవాబు దొరకాలంటే ఎనభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

ముల్కీ ఎవరు?

నిజాం రాజ్యంలో పరిపాలన భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వచ్చింది, 1918లో అది మొదలైంది. ఉర్దూలో పై చదువులు చెప్పేవాళ్ళు కావాలంటే చాలామందిని ఉత్తరాది నుంచి పిలిపించాల్సి వచ్చింది. బయటివాళ్ళు వచ్చి కొలువులు తీసుకుంటుంటే ఇక్కడివాళ్ళకు కడుపు మండింది. 1919 నాటి ముల్కీ నిబంధనలు అందుకే వచ్చాయి. ఇక్కడ పుట్టినవాళ్ళు, లేదా 15 ఏళ్ళు ఇక్కడే నివాసం ఉన్నవాళ్ళు ముల్కీలు. సర్కారు కొలువు వాళ్ళకే దక్కాలి.

రాజ్యం పోయినా ఆ మాట పోలేదు. 1952లో వరంగల్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు. గొడవకు మూలం టీచర్ల నియామకాలే. ముల్కీలు కానివాళ్ళను పంతుళ్ళుగా తెస్తున్నారని వాళ్ళ కోపం. ఆ ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబర్ 3న మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. మొఘల్‌పురా నుంచి ఆ కాలేజీకి నడిచి పోవచ్చు. బడిలో స్థానికుడైన టీచర్ ఉండాలన్న కోరిక ఈ రాష్ట్రంలో ప్రాణాలు పోయేదాకా పోయిందని మన యువత గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద జై ఆంధ్ర ఉద్యమం. చివరికి 1973లో 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం వచ్చింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. టీచర్ లాంటి పోస్టుల్లో జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకుని 80 శాతం జిల్లా స్థానికులకు ఇచ్చారు. 2018లో తెలంగాణకు కొత్త ఉత్తర్వు వచ్చినప్పుడు అది 95 శాతం అయింది.

ఈ మొత్తం చరిత్రలో 'స్థానికుడు' అంటే జిల్లావాడు, ప్రాంతంవాడు. కానీ 1952లో ఉట్నూరు గుట్టల్లోని గోండు పిల్లవాడికి విజయవాడ నుంచి వచ్చిన పంతులు ఎంత పరాయివాడో, వరంగల్ నుంచి వచ్చిన పంతులూ అంతే పరాయివాడు. ఇద్దరికీ గోండీ రాదు. ముల్కీ కొలమానం ఆ పిల్లవాడి దాకా రాలేదు.

మర్లవాయిలో ఏం జరిగింది?

ఆ కొలమానం రానిచోట దానికి ముందే ఒక ప్రయోగం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు పడింది. అప్పటికే హైదరాబాదు రాజ్యంలో చెంచుల మధ్య పనిచేసిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పగించారు. ఆయన, భార్య బెట్టీ మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. భూమి పట్టాల కోసం ఆయన చేసిన సిఫారసుల గురించి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చదువు విషయంలో ఆయన చేసిన పని గురించి అంతగా చెప్పుకోరు.

1943లో మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి అక్షరం ముక్క వచ్చిన గోండులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. బయటి నుంచి డిగ్రీలున్న పంతుళ్ళను తేవడం సులువైన దారి. వాళ్ళు ఆ దారి పట్టలేదు. చదువు కొద్దిగా వచ్చిన గోండు యువకులను పోగుచేసి, వాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ ఊళ్ళకే పంతుళ్ళుగా పంపారు. గోండీలోనే వాచకాలు తయారుచేశారు. ఆ రోజుల్లో ఆ గుట్టల్లో బయటి వ్యవహారం మరాఠీలో నడిచేది కాబట్టి దేవనాగరి లిపి వాడారు. ఈ పనిలో ఆయనకు సేతుమాధవరావు పగ్డీ తోడుగా ఉన్నాడు. శిక్షణ పొందినవాళ్ళలో కొందరు పంతుళ్ళయ్యారు, కొందరు సర్కారులో చిన్న కొలువుల్లో చేరారు.

ఈ ప్రయోగంలో మనం గమనించాల్సింది ఒకటుంది. టీచర్లు దొరకడం లేదు కాబట్టి బడి పెట్టలేమని ఎవరూ అనలేదు. టీచర్లను తయారుచేసుకున్నారు. పిల్లవాడి భాష వచ్చినవాడికి చదువు చెప్పే పద్ధతి నేర్పడం కష్టం కాదని నమ్మారు. అట్లా తయారైన సారుకు బదిలీ మీద ధ్యాస ఉండదు. ఆయన ఇల్లు, పొలం, చుట్టాలు అక్కడే ఉంటారు.

1948 తర్వాత ఆ పట్టు సడలింది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక బడి భాష తెలుగు అయింది. గోండీ వాచకాలు మూలకు పోయాయి. గోండీ రాని పంతుళ్ళు గోండు బడులకు వచ్చారు. హైమన్‌డార్ఫ్ దశాబ్దాల తర్వాత తిరిగి వచ్చి చూసినప్పుడు దీని గురించే బాధపడ్డాడు. ఆయన, బెట్టీ సమాధులు ఇప్పుడు మర్లవాయిలోనే ఉన్నాయి. ఊరివాళ్ళు ఏటా వాళ్ళను తలచుకుంటారు. ఆ శిక్షణ కేంద్రాన్ని కూడా తలచుకోవాలని మా మనవి.

275 నుంచి 3 దాకా

తర్వాతి ముప్పై ఏళ్ళు ఏజెన్సీ బడి అంటే తాళం వేసిన బడి. పోస్టు ఇక్కడ, మనిషి పట్నంలో. 1980లలో ప్రభుత్వం దీన్ని ఒప్పుకోక తప్పలేదు. 1986 నవంబర్‌లో గవర్నర్ అయిదో షెడ్యూల్ కింద తనకున్న అధికారంతో జీవో 275 ఇచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని దాని సారాంశం. అర్హత ఉన్న గిరిజనులు దొరికేదాకా ఇతరులు కొనసాగవచ్చని తర్వాత ఒక సవరణ చేశారు. 1989లో పరిపాలనా ట్రిబ్యునల్ ఆ జీవోను కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది, 1998లో తన అప్పీలును తానే వెనక్కి తీసుకుంది.

2000 జనవరి 10న కొత్తగా జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకు, అందులో మూడో వంతు మహిళలకు. ఎందుకు ఇస్తున్నారో ఆ జీవోలోనే రాశారు. గిరిజనుల చదువు పెరగాలి, బడికి రాని టీచర్ల సమస్య తీరాలి. టీచర్లు రావడం లేదని, వచ్చినవాళ్ళు ఉండడం లేదని ప్రభుత్వమే కాగితం మీద రాసి ఒప్పుకున్న సందర్భం ఇది. స్థానికుడు అంటే ఎవరో కూడా చెప్పారు. తానో తన తల్లిదండ్రులో 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఉంటూ ఉండాలి. ఈ జీవో మీదా కేసులు పడ్డాయి. హైకోర్టులో మెజారిటీ తీర్పు దాన్ని నిలబెట్టింది.

ఆ ఇరవై ఏళ్ళలో మన ఊళ్ళల్లో వచ్చిన మార్పును ఎవరూ కాదనలేరు. మన ఇంటి ఆడపిల్ల టీచరమ్మ అయింది. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట బడిలో వినపడింది. డీఎడ్ చదివితే కొలువు వస్తుందన్న ఆశతో గూడేల్లో పిల్లలు పది దాటి చదివారు. ఇదే కాలంలో, 2004లో, ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. గోండీ, కోయ, కొలామీ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా. తెలుగు లిపిలోనే ఆయా భాషల వాచకాలు వచ్చాయి. ముందు అమ్మ భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకుపోవాలని ఉద్దేశం. ఆ పుస్తకాలు చదివి చెప్పగలిగే సార్లు ఉండటం వల్లనే అది సాధ్యమైంది. తర్వాత ఆ కార్యక్రమం నీరుగారిపోయింది. పక్కనున్న ఒడిశా మన తర్వాత మొదలుపెట్టినా, ఆ భాషలు మాట్లాడేవాళ్ళను ప్రత్యేకంగా టీచర్లుగా తీసుకుని మనకంటే ముందుకు పోయింది.

2020 తీర్పు ఏం చెప్పింది?

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. తీర్పులో ముఖ్యమైన మాటలు నాలుగు. ఒకటి, నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదు. రెండు, అయిదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదు. మూడు, జిల్లా యూనిట్‌గా ఉన్న రాష్ట్రపతి ఉత్తర్వుకు ఈ జీవో విరుద్ధం. నాలుగు, 1950 నుంచి నివాసం ఉండాలన్న షరతు సరైంది కాదు. అప్పటికే కొలువుల్లో ఉన్నవాళ్ళను తీసేయలేదు కానీ మళ్ళీ ఇట్లాంటి పని చేయవద్దని రెండు రాష్ట్రాలనూ హెచ్చరించింది. 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా కట్టమన్నది.

మూడో మాట దగ్గర కాసేపు ఆగుదాం. రాష్ట్రపతి ఉత్తర్వు ఎక్కడి నుంచి వచ్చింది? ముల్కీ గొడవ నుంచి. స్థానిక టీచర్ కావాలన్న 1952 ఆందోళనకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణే 371-డి. మైదానంలో స్థానికుడికి కోటగా నిలిచిన ఆ అధికరణమే గుట్టల మీద స్థానికుడికి అడ్డుగోడ అయింది. జిల్లాలోపల ఇంకో స్థానికుడు, ఇంకో భాషవాడు ఉంటాడని 1975లో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన చోట మన మనుషులు లేరు.

తీర్పు తర్వాత లెక్క మారిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. నూరు పోస్టులుంటే నూరూ మనవైన చోట ఇప్పుడు ఆరో పదో మనవి. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వచ్చాయి. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని మన్యంలో బంద్‌లు జరిగింది అందుకే.

ఆ తీర్పులో ఇంకో మాట మన యువతను చాలా నొప్పించింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచనను కోర్టు కటువైన మాటతో తప్పుపట్టింది. కోపం పక్కన పెట్టి ఆ మాటకు మనం జవాబు చెప్పాలి. మేము చెప్పే జవాబు ఇది. రక్తం పాఠం చెప్పదు, నిజమే. పాఠం చెప్పేది భాష, ఊళ్ళో ఉండటం. దీనికి రుజువు గిడుగు రామమూర్తి పంతులు. ఆయన సవర కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చాడు. నిఘంటువు, వ్యాకరణం కూర్చాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేవాళ్ళు ఆయన సవరల కోసం చేసిన పనిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. గిడుగులాంటి సారు ఏ కులంవాడైనా, ఏ జిల్లావాడైనా మన బడికి రావచ్చు. ఆయనను కాదనేవాళ్ళు మనలో ఎవరూ లేరు.

సారు ఎందుకు నిలవడు?

మన బడికి వచ్చి వెళ్ళిపోయే సార్లందరూ చెడ్డవాళ్ళు కాదు. ఇది కూడా చెప్పుకోవాలి. చాలా గూడేల్లో టీచరుకు ఇల్లు లేదు. వానాకాలం వాగు పొంగితే దారి లేదు. భార్య ఒక మండలంలో, భర్త ఒక మండలంలో. తమ పిల్లలను చదివించుకోవడానికి దగ్గర్లో మంచి బడి లేదు. బదిలీల్లో మారుమూల బడికి ఎక్కువ పాయింట్లు ఇస్తారు, ఆ పాయింట్లు కూడబెట్టుకునేది అక్కడి నుంచి బయటపడటానికే. పైగా డిప్యుటేషన్ మీద, సర్దుబాటు మీద రోడ్డు పక్క బడికి పోతే గూడెం బడి కాగితం మీద మాత్రమే నిండుగా ఉంటుంది. ఏకోపాధ్యాయ బడిలో సారు మీటింగుకు పోతే ఆ రోజు బడి లేనట్టే.

ఇంకో సంగతి జీతం. మన ప్రాంతంలో చదువును చవకగా నడపడం ప్రభుత్వాలకు అలవాటు. 1980లలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలు. వీళ్ళల్లో ఎక్కువమంది మన పిల్లలే. రెగ్యులర్ టీచర్ చెప్పే పాఠమే చెబుతారు, సగం జీతం కూడా రాదు, వచ్చేదీ నెలనెలా రాదు. ఏళ్ళ తరబడి పనిచేసినా పర్మనెంట్ కారు. మంచి టీచర్లు నిలవడం లేదని బాధపడే అధికారులు, నిలిచి ఉన్న ఈ టీచర్ల వైపు చూడరు.

మన లోపలి మాట ఒకటి కూడా దాచకుండా అనుకోవాలి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. 2017 చివర్లో ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆదివాసీ ఊళ్ళు లంబాడా టీచర్లు వద్దని అడ్డుపడ్డాయి. ఆ పెద్ద గొడవ లోతుల్లోకి ఇక్కడ పోవడం లేదు. బడి వరకు చూస్తే మాత్రం అక్కడా తేలేది భాష దగ్గరే. గోండీ రాని సారుతో గోండు పిల్లవాడికి ఎంత ఇబ్బందో, బంజారా భాష రాని సారుతో తండా పిల్లవాడికి అంతే ఇబ్బంది. ఎస్టీ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే ఆ ఇబ్బంది తీరదు. జీవో 3లోని లోపం కూడా ఇదే. స్థానికుడెవరో చెప్పింది కానీ భాష రావాలని చెప్పలేదు.

పాతబస్తీలో ఖాళీ కుర్చీలు

ఇప్పుడు మళ్ళీ మొఘల్‌పురా వైపు చూద్దాం. భాష నిబంధన ఉన్నంత మాత్రాన అక్కడ అంతా బాగున్నదని మేము అనడం లేదు. ప్రతి డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులు చాలా మిగిలిపోతున్నాయి. రోస్టర్ ప్రకారం కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీలకు పోతాయి. ఆ వర్గాల్లో ఉర్దూ చదివినవాళ్ళు దాదాపు ఉండరు. పోస్టు ఖాళీగా ఉంటుంది, మళ్ళీ నోటిఫికేషన్‌లో అదే ఖాళీ వస్తుంది. పాతబస్తీ పిల్లలు సారు లేకుండా కూర్చుంటారు. ఆ పోస్టులను రిజర్వేషన్ నుంచి తీసేయాలని అక్కడి తల్లిదండ్రులు, సంఘాలు అడుగుతున్నారు.

ఆ ఖాళీ కుర్చీ మన పేరు మీద ఉన్నది. అందులో మన పిల్లవాడు కూర్చోలేడు, అక్కడి పిల్లవాడికి సారు దొరకడు. ఇటు ఏజెన్సీలో మన భాష వచ్చిన పిల్లలు కొలువు లేక తిరుగుతుంటే, ఆ భాష రానివాళ్ళతో కుర్చీ నిండుతోంది. మన వాటా వదులుకోవాలని మేము అనడం లేదు. ఆ వాటా మన భాష అవసరమున్న బడులకు చేరాలి. జిల్లా యూనిట్ అడ్డం వస్తుందని అధికారులు అంటారు. ఆ అడ్డు తొలగించే దారి ప్రభుత్వమే వెతకాలి. పాతబస్తీ తల్లిదండ్రులూ మనమూ ఈ విషయంలో ఎదురుబొదురు నిలబడాల్సిన పని లేదు. ఇద్దరం అడిగేది పిల్లవాడి భాష వచ్చిన సారునే.

మనం ఏం అడగాలి?

జీవో 3 కోసం, దానికి బదులుగా చట్టం కోసం పోరాటం సాగాలి. అది రాజకీయ పోరాటం, ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. దాంతో పాటే, తీర్పు అడ్డం రాని కోరికలు కూడా ఉన్నాయి.

మొదటిది, భాషను అర్హతగా పెట్టమని అడగాలి. ఏ బడిలో ఎక్కువమంది పిల్లలు గోండీయో, కోయో, సవరో, కువియో మాట్లాడతారో ఆ బడిలో ప్రాథమిక తరగతుల పోస్టుకు ఆ భాష వచ్చి ఉండాలి. ఇది ఎవరినీ పుట్టుకతో బయట పెట్టదు. నేర్చుకున్నవాళ్ళెవరైనా రావచ్చు. ఉర్దూ మీడియానికి ఉన్న నిబంధనే ఇది. రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మ భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు చెప్తోంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు అమ్మ భాషలోనే అంటోంది.

రెండోది, టెట్. అందులో మొదటి భాషగా తెలుగు, ఉర్దూ, హిందీలతో పాటు మరాఠీ, కన్నడ, తమిళం లాంటివి ఎంచుకోవచ్చు. ఈ నేల మీదే పుట్టిన గోండీ, కోయ లేవు. ఆ పేపర్ పెట్టమని అడగాలి.

మూడోది, మర్లవాయి పద్ధతి. చదువుకున్న మన యువతకు ఏజెన్సీలోనే శిక్షణ, అక్కడే నియామకం. సీఆర్టీలకు పర్మనెంట్, సారుకు ఊళ్ళో ఇల్లు, గూడెం బడి నుంచి డిప్యుటేషన్లు బంద్.

ఒక పని మాత్రం ప్రభుత్వం చేయాల్సింది కాదు, మనం చేయాల్సింది. డీఎస్సీ రాసే మన పిల్లలు ఎంతమందికి అమ్మ భాషలో కథ చెప్పడం వచ్చు? హాస్టళ్ళలో పెరిగి గోండీ మరిచిపోయినవాళ్ళు, కొలామీ మాట్లాడటానికి సిగ్గుపడేవాళ్ళు మనలో ఉన్నారు. రేపు భాషా పరీక్ష పెడితే అందులో మనమే తప్పకూడదు. ఇప్పటికే టీచర్లుగా ఉన్న మిత్రులు తమ బడిలో పిల్లలు మాట్లాడే మాటలు, పాటలు, లెక్కలు, చెట్ల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాలి. 1943లో మర్లవాయిలో వాచకం అట్లాగే పుట్టింది. మళ్ళీ పుట్టాలంటే ఆ ఊళ్ళల్లో ఉండి రాసేవాళ్ళు కావాలి.